చోకు వైరు కాలిన సాయంత్రం

"బేటరీ సచ్చిపోనాదే! నా మాట ఇనవేటి?"

"సచ్చిపోతే ఆ లైట్లెవులు ఎలిగిస్తన్నారు మావా, మీ తాతా?"

"లైటుకి రవ్వంత కరెంటు సాలుతాది. సెల్ఫుకి బోల్డంత గావాల. నీకేటి తెలుసు కార్ల గురించి?"

"కార్ల గురించి తెలవదు. నీ గురించి తెలుసు. పోయిన దసరాకే గదా కొత్తది ఎట్టించినావు. ఏడాది తిరక్కండా ఇంకోటి కొనీడానికి అదేటి, బీడీకట్టా?"

"మరి ఈ సప్పుడేటి? ఇను!"

మా ఆయన మళ్ళీ తాళం తిప్పాడు. కారు ముక్కు లోపల ఎక్కడో, గాజుల చెయ్యి గోడకి తగిలినట్టు, ఒక్కసారి 'టిక్' అంది. అంతే. ఇంజను కదల్లేదు.

"రేపు పొద్దున్న తొమ్మిదింటికి బ్రేకు ఇనస్పెక్టరు ముంగట బండి నిలబెట్టాల. నిలబెట్టకపోతే ఏటవుతాదో ఎరికేనా నీకు?"

ఎరికే. ఎరిక కాబట్టే అంత గట్టిగా అరుస్తున్నాను. భయం వేస్తే కొందరికి ఏడుపు వస్తుంది. నాకు నోరు వస్తుంది.

అవి స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు. మేము కంచరపాలెంలో రైల్వే గేటుకి ఇవతల, పిండిమర పక్కన ఉండేవాళ్ళం. మా ఆయనకి ఒక పాత అంబాసిడరు టాక్సీ. స్టేషన్లో దిగిన వాళ్ళని ప్లాంటుకి తీసుకెళ్ళడం, తీసుకురావడం. టాక్సీ అన్నాక ఏడాదికోసారి మోటారు బళ్ళ ఆఫీసరుకి చూపించి, బండి బాగుందని కాగితం రాయించుకోవాలి. ఆ ఆఫీసర్ని మా వాళ్ళందరూ బ్రేకు ఇనస్పెక్టరు అనే పిలిచేవారు. ఆ కాగితం లేకపోతే టాక్సీ రోడ్డెక్కకూడదు. టాక్సీ రోడ్డెక్కకపోతే మా ఆయన మళ్ళీ లారీ ఎక్కాలి.

నా భయమంతా ఆ లారీ గురించే.

పెళ్ళయిన కొత్తలో ఆయన రాయపూరు లారీ తోలేవాడు. సాలూరు దాటితే ఘాటీ, అంతా మలుపుల కొండదారి. ఒక వానాకాలం ఆ దిగుడులో బ్రేకులు పడక, లారీని కొండకేసి రాపించుకుంటూ ఆపాడు. క్లీనరు గెంతేసి బతికాడు. ఈయనకి ఒక్క దెబ్బా తగల్లేదు. కాని ఇంటికొచ్చాక నెల్లాళ్ళు చెయ్యి వణుకు ఆగలేదు. గ్లాసు పట్టుకుంటే టీ లుంగీ మీద ఒలికేది. అన్నం ముద్ద నోటిదాకా వెళ్ళేసరికి సగం కంచంలో ఉండేది. ఆ నెలంతా పిల్లలు చూడకుండా తలుపు దగ్గరికి వేసి, నేనే ముద్దలు పెట్టాను. ఆ సంగతి ఆయనా నేనూ మళ్ళీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. టాక్సీ కొన్నాకే నాకు వానాకాలంలో నిద్ర పట్టింది.

ఆ ఏడు మొదటిసారి చూపించినప్పుడే ఇనస్పెక్టరు కారు కిందికి వంగి చూసి, అడుగంతా తుప్పు పట్టింది, రంగు వేయించి తీసుకురమ్మని తిప్పి పంపాడు. ఆయన ఇచ్చిన గడువు రేపటితో సరి.

మా ఊళ్ళో ఇనుము బతకదు. ఒకవైపు సముద్రం గాలి తింటుంది. ఇంకోవైపు హార్బరు నించి ఎర్ర ఖనిజం దుమ్ము వచ్చి పడి, ఏది తుప్పో ఏది దుమ్మో తెలియనివ్వదు. అందుకని మా వీధి ఆడవాళ్ళకి ఒక పట్టుదల. వానలకి ముందు ఇంట్లో ఇనుము ఎక్కడ కనబడినా రంగు వేసేస్తాం. కిటికీ ఊచలు, ట్రంకు పెట్టె, నూతి గిలక, ఆఖరికి తలుపు గొళ్ళెం. రంగు లేని ఇనుము ఇంట్లో ఉంటే ఆ ఇల్లాలు బద్ధకస్తురాలనే లెక్క. నన్ను ఆ మాట ఎవరూ అనలేదు, అననివ్వలేదు.

కాబట్టి పెయింటర్ని పిలుస్తానంటే నేను ఒప్పుకోలేదు. కిటికీ ఊచలకి కొన్న ఎర్ర రంగు డబ్బాలో సగం మిగిలే ఉంది. గోనె పరుచుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, జాకీ మీద లేపిన కారు కిందికి దూరి నేనే వేశాను. ఒకపూట ఆయన వేశాడు, మిగతాదంతా నేనే. వేలెడు చోటు కూడా వదల్లేదు. వదల్లేదని పక్కింటావిడతో గొప్పగా చెప్పుకున్నాను కూడా.

రెండు రోజులు ఆరనిచ్చాం. మూడో రోజు మధ్యాహ్నం, రేపటికి ఒకసారి తీసి చూసుకుందామని తాళం తిప్పితే, టిక్.

ముందు, బంపరు సందులోంచి ఇంజనుకి హ్యాండిలు పెట్టి చేత్తో తిప్పాడు. రెండో చుట్టుకే ఇంజను లేచింది. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"ఇంకేటి! రేపూ ఇలాగే తీసీ" అన్నాను.

"అక్కడ ఆపించి, సెల్ఫు మీద తియ్యమంటాడే. పోయిన్నెల మా స్టాండులో ఒకడు హ్యాండిలు ఏసినాడని ఆడి బండి ఎనక్కి పంపీసినాడు."

ఇంజను ఆపి మళ్ళీ తాళం తిప్పాడు. టిక్.

అక్కడ మొదలైన తగువే ఇది. ఆయన బేటరీ అంటాడు, నేను కాదంటాను. నిజం చెప్పాలంటే ఎందుకు కాదో నాకూ తెలియదు. కొత్త వస్తువు కొనాల్సి వస్తే ముందు కాదనడం నా అలవాటు.

తగువు విని గేటు అవతల షెడ్డు నించి మెకానిక్కు వచ్చాడు. ఆయన్ని బావ అనీ నన్ను అప్ప అనీ పిలిచే మనిషి. చెయ్యి మంచిది, నోరు తొందర.

"ఏటప్పా, గేటు కాడికి ఇనపడతన్నాది నీ గొంతు. రైలు కూతనుకోని గేటోడు గేటేసీసినాడు."

"నువ్వొచ్చింది నా గొంతు ఇనడానికా, కారు సూడ్డానికా?"

బానెట్ ఎత్తాడు. బేటరీ కొసలు ఊడదీసి వేడినీళ్ళు పోసి కడిగి, గీకి, మళ్ళీ బిగించాడు. టిక్. సెల్ఫు అంటే ఇంజన్ని మొదట తిప్పి లేపే చిన్న మోటారు. దాన్ని సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. టిక్. సిగరెట్టు తీసి చెవి మీద పెట్టుకుని తల ఊపాడు.

"బేటరీ బాగున్నాది బావా. సెల్ఫే పోనాది. ఊడదీసి లోపల తీగ మళ్ళీ సుట్టించాల."

"ఎప్పటికిస్తావు?"

"ఎల్లుండి సాయంత్రానికి."

మా ఆయన లోపలికి వెళ్ళి చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఆయన అరుస్తున్నంతసేపూ నాకు ధైర్యంగానే ఉంది. అరుపు మానేసేసరికి ఆ ధైర్యం పోయింది.

"ఎటెల్తన్నావు?"

"లారీ షెడ్డుకి."

"ఎందుకేటి?"

"రేపు రాయపూరు బండి ఎల్తన్నాది. డ్రైవరు దొరకలేదంట, నిన్ననే కబురెట్టినారు. మాటిచ్చీసొత్తాను. నేకపోతే ఆ సీటూ పోతాది." చెప్పులు వేసుకుంటూ, నా మొహం చూడకుండా అన్నాడు, "నా దుప్పటి తీసుంచు. ఘాటీలో సలేస్తాది."

సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

నేను లోపలికి వెళ్ళి ట్రంకు పెట్టె తెరిచాను. లారీ దుప్పటి అడుగున ఉంది. నల్ల గొంగడి, ఒక మూల డీజిలు మరక. ఎన్నిసార్లు ఉతికినా పోని మరక. దాన్ని బయటికి తీసి పెట్టె మీద పెట్టాను. 

అదే సమయానికి పక్కన పిండిమర మోటారు వేశారు. పొద్దు వాలుతోందని వేసిన మా వసారా బల్బు ఒక్కసారి కుంగి, ఎర్రబడి, మళ్ళీ తేరుకుంది. అది రోజూ జరిగేదే. మర మొదలైతే మా బల్బు కుంగుతుంది. పెద్ద మోటారు లేచేటప్పుడు కరెంటు అంతా గుటకేస్తుందని మరవాడే ఒకసారి చెప్పాడు.

బయటికి పరుగెత్తాను. మెకానిక్కు సామాను సర్దుకుంటున్నాడు.

"ఓపాలి ఆగు బాబూ. లైట్లేసి, తాళం తిప్పు. నాను ముంగట నిలబడి సూత్తాను."

"ఏటి సూత్తావప్పా?"

"ముందు తిప్పు."

తిప్పాడు. టిక్. గోడ మీద పడిన వెలుతురు దాదాపు అలాగే ఉంది. మా బల్బులా కుంగలేదు.

"సూసినావా? మోటారు కరెంటు తాగితే లైటు కుంగాల గదా. కుంగలేదు. అంటే దానికి కరెంటు అందడం లేదు."

వాడు నవ్వాడు. "అదే గదప్పా నానూ సెప్తన్నాను. సెల్ఫు సచ్చింది. సచ్చినోడు నీళ్ళెలా తాగుతాడు?"

 మూడో తరగతితో బడి మానేసిన దాన్ని. ఇంకేం చెప్పను? అయినా మనసు ఒప్పుకోలేదు. డ్రైవరు సీట్లో కూచుని, "నువ్వు బానెట్ కాడ నిలబడి సూడు, నాను తిప్పుతాను" అన్నాను. ఆ సీట్లో కూచోవడం నాకు అదే మొదలు. వాడు విసుక్కుంటూనే నిలబడ్డాడు. తిప్పాను, టిక్. వదల్లేదు, అలాగే పట్టుకున్నాను. మళ్ళీ తిప్పాను, మళ్ళీ పట్టుకున్నాను. చలి పొద్దుల్లో ఆయన బండి తీసేముందు, చల్లటి ఇంజనుకి పెట్రోలు ఎక్కువ అందేలా చోకు లాగడం నేను చూశాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే. చోకు బొత్తాం పట్టుకుని లాగాను.

లాగి, చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను. పెనం అంచు ముట్టుకున్నట్టు చురుక్కుమంది.

"ఏటప్పా?"

"కాలింది. ఇది కాలతన్నాది."

"ఎండకి ఏడెక్కుంటాది."

"ఎండేది? కారు నీడలో ఉన్నాది. అయినా పక్కనున్న బొత్తాం సల్లగానే ఉన్నాది. కరెంటుకీ దీనికీ ఏటి సంబందం?"

"ఏ సంబందం నేదు. అది ఇక్కణ్ణించి ఇంజను దాకా ఎల్లే ఉత్త లాగుడు తీగ."

"సంబందం నేనిది ఎందుకు కాలింది?"

వాడు చెవి మీది సిగరెట్టు తీసి జేబులో పెట్టుకున్నాడు. "ఇంకోపాలి తిప్పు" అని బానెట్ కింద తల పెట్టాడు. తిప్పి పట్టుకున్నాను. లోపల్నించి గట్టిగా కేకేశాడు.

"ఆపప్పా, ఆపు! ఓలమ్మో, చోకు వైరు నించి పొగొస్తన్నాది!"

బయటికి వచ్చి మొహం తుడుచుకుని, నాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఆ మర్యాద వాడు అంతకుముందు ఎప్పుడూ చెయ్యలేదు. "సెల్ఫు బాగానే ఉన్నాదప్పా. తప్పు నాదే. కరెంటు బేటరీ కాణ్ణించి సెల్ఫుకొచ్చి, ఇంజను మీంచి బాడీకెల్లి, తిరిగి బేటరీకి సేరాల. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూకుంటాది, బాడీకి తగల్దు. అందుకని కింద రెండిటికీ మద్దెన రాగి తీగల జడొకటి కడతారు. ఎర్తు జడంటారు, అదే దాని దారి. ఆ దారి మూసుకుపోనాది. దారి నేక, పాపం, ఈ సన్న తీగ ఎంటబడి ఎల్దామని సూస్తన్నాది. ఇది అంత బరువు మొయ్యనేదు. అందుకే కాలతన్నాది."

స్నానాల గది తూము పూడితే నీళ్ళు వంటింట్లోకి వచ్చినట్టన్నమాట. బాగానే అర్థమైంది. కాని వాడు జడ అన్న దగ్గరే నా చెవులు ఆగిపోయాయి.

ఆ జడని నేను చూశాను. రంగు వేస్తున్న రెండో రోజు, ఆయన లోపల భోజనం చేస్తున్నాడు. నేను కారు కింద ఉన్నాను. రాగి తీగలతో అల్లిన పట్టీ ఒకటి మురికి పట్టి వేలాడుతోంది. దాని ఒక కొస రేకుకి బిగించిన చోట, చుట్టూ తుప్పు. ఆ తుప్పు చూసి ఊరుకోవడం నా వల్ల కాలేదు. పానా పెట్టి బోల్టు ఊడదీశాను. జడని దేవుడి సామాను తోమినట్టు చింతపండుతో తోమి కడిగాను. రేకు మీద రెండు పూతలు వేసి, ఆరాక జడ మళ్ళీ బిగించి, చాలదన్నట్టు బోల్టు మీద కూడా ఇంకో పూత వేశాను. ఆయనకి చెప్పలేదు. చెప్పాల్సినంత పని అనుకోలేదు.

"రంగేసిన సోట కరెంటు ఎల్దా?" అని మెల్లగా అడిగాను.

"ఎల్దప్పా. రబ్బరు తొడుగేసినట్టే."

"అయితే అది నానే సేసినాను."

వాడు నాకేసి చూశాడు. తర్వాత జాకీ కడ్డీ తీసుకుని, ఒక కొస ఇంజనుకీ ఇంకో కొస రంగు కాస్త గీకిన రేకుకీ ఆనించి అదిమిపట్టి, తిప్పమన్నాడు. తిప్పాను. కారు మొత్తం ఒక్కసారి ఊగి ఇంజను లేచింది.  ఆపి, వాడు బండిని జాకీ మీద లేపాక ఉప్పుకాగితం తీసుకుని నేనే కిందికి దూరాను. వాడు బోల్టు ఊడదీశాడు. రెండు పూతలూ పోయి రేకు తెల్లగా మెరిసేదాకా రుద్దాను. మూడు రోజుల కింద ఎంత శ్రద్ధగా వేశానో అంత శ్రద్ధగా తీశాను.

బిగించాక వాడు గొంతు తగ్గించి అన్నాడు, "బావకి సెప్పకప్పా. ఎర్తు బోల్టు వదులైపోనాదని నాను సెప్తాను. నీ మాటెందుకు తగ్గాల?"

చెప్పకుండా ఉందామనే అనిపించింది. అబద్ధమెందుకు? ఆ ఇంట్లో నా మాట నడిచేది నేను తప్పు చెయ్యనన్న పేరు మీదే. జాకీ దించేవరకూ ఆలోచించాను. కాని ఆయన అక్కడ మాట ఇచ్చేస్తుంటాడు. కూచుని ఆలోచించే టైము లేదు.

"బండెక్కు. లారీ షెడ్డుకి పోనీ" అన్నాను.

రైల్వే గేటు పడి ఉంది. ఖనిజం గూడ్సు ఒకటి నత్తలా వెళుతోంది. వ్యాగను వెనక వ్యాగను, అన్నీ ఎర్రగా, తెగడం లేదు. గేటు పడితే ఇంజను ఆపమని మా ఆయన్ని పోరేదాన్ని నేనే. పెట్రోలు ఊరికే కాలితే నా ఒళ్ళు కాలినట్టుండేది. మెకానిక్కు అలవాటుగా తాళం మీదికి చెయ్యి పోనిచ్చాడు.

"ఆపకు!" అన్నాను.

గూడ్సు వెళ్ళేదాకా పెట్రోలు అలా కాలుతూనే ఉంది. 

లారీ షెడ్డులో మా ఆయన బెంచీ మీద కూచుని ఉన్నాడు. పక్కన బల్ల మీద టీ గ్లాసు, నిండుగా, మీగడ కట్టి ఉంది. చేతులు రెండూ మోకాళ్ళ కింద పెట్టుకున్నాడు. ఎదురుగా లారీ ఓనరు, నలుగురు క్లీనర్లు. మా కారు చప్పుడు వినగానే ఆయన తల తిప్పాడు. సొంత బండి గొంతు ఎవరికి తెలియదు?

దిగి, అందరి ముందూ అడిగాను. "మాటిచ్చీసినావా?"

"ఇచ్చీసినాను. బండెలా లేచినాది?"

"బేటరీ కాదు, సెల్ఫు కాదు. ఎర్తు జడ కింద రంగేసీసినాను. నానే. నీకు సెప్పకండా ఊడదీసి మళ్ళీ బిగించినాను."

క్లీనర్లు పకపకమన్నారు. ఒకడు, "మా లారీకి కూడా ఎయ్యమ్మా, కదలకండా ఇక్కడే పడుంటాది" అన్నాడు. ఇంకోసారైతే వాడికి నా నోరు తెలిసేది. 

మా ఆయన నవ్వలేదు, తిట్టలేదు. "సింతపండెట్టి తోమినావా?" అని మాత్రం అడిగాడు. తోమానని తల ఊపాను.

ఓనరు పెద్దమనిషే. కాని సరుకు ఎక్కించి ఉంది. "సూడు డ్రైవరూ, రేపు పన్నెండు దాకా ఆగుతాను. కాగితం వత్తే నీ దారి నీది. నేకపోతే నువ్వొచ్చి ఎక్కాల. ఇచ్చిన మాట ఇచ్చినట్టే" అన్నాడు.

సరే అని వచ్చాం. ఇంటికొచ్చాక ఆయన ఒక్కసారి తాళం తిప్పి చూశాడు. లేచింది. రెండోసారి తిప్పబోతే, "సాలు, ఇంక ముట్టకు" అన్నాను. అన్నం వడ్డించాను. ఇద్దరమూ సరిగా తినలేదు. దుప్పటి పెట్టె మీదే ఉంది. లోపల పెట్టడానికి నాకు ధైర్యం చాల్లేదు.

మర్నాడు పొద్దున్న ఆయనతో నేనూ వెళ్ళాను. మా ముందు మూడు లారీలు, ఒక ఆటో ఉన్నాయి. ఇనస్పెక్టరు వచ్చి, ఇంజను ఆపించి, మళ్ళీ తీయమన్నాడు. తాళం తిప్పగానే లేచింది. ఇంకోసారి ఆపించాడు, ఇంకోసారీ లేచింది. తర్వాత వంగి అడుగు చూశాడు. అంతా బాగానే వేశారు, ఈ జడ దగ్గర మాత్రం రంగు ఎందుకు వదిలేశారని అడిగాడు.

"అక్కడ ఎయ్యకూడదండి. మా ఇంట్లో ఆవిడకి బాగా తెలుసు" అన్నాడు మా ఆయన.

ఇనస్పెక్టరు నాకేసి చూసి, కాగితం మీద సంతకం పెట్టాడు. పదకొండు కాకముందే లారీ షెడ్డుకి వెళ్ళి చూపించాం. రాయపూరు లారీ ఇంకో డ్రైవరుతో వెళ్ళింది. ఇంటికొచ్చి నేను దుప్పటిని పెట్టె అడుగున పెట్టాను. ఆయన భోజనం చేసి స్టేషనుకి బండి తీశాడు.